పది గంటల పనిదినం, నాలుగింటికి మూసే అంగన్‌వాడీ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ కార్మిక శాఖ మంత్రివర్యులకు, మహిళా శిశు సంక్షేమ శాఖ మంత్రివర్యులకు, ఆ రెండు శాఖల ఉన్నతాధికారులకు,



మీ ఇద్దరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాను. విడివిడిగా రాస్తే ఒకరు ఇది మా పరిధిలోది కాదంటారు, రెండోవారు పక్క శాఖకు పంపించామంటారు. ఆ సంగతి తెలిసే ఇలా రాస్తున్నాను, మన్నించాలి.

ఫ్యాక్టరీల్లో రోజుకు తొమ్మిది గంటలకు మించకూడదన్న పనిని పది గంటలు చేయడానికి 2025 జూన్‌లో మంత్రివర్గం ఒప్పుకుంది. సెప్టెంబరులో శాసనసభ సరేనంది. దుకాణాలు, ఆఫీసుల చట్టంలోనూ పదే అయింది. ఐదు గంటల పనికి ఒకసారి ఇవ్వాల్సిన విరామం ఆరు గంటలకు జరిగింది. మూడు నెలల్లో 75 గంటలు దాటకూడదన్న ఓవర్‌టైం 144 గంటలకు పెరిగింది. ఆడవాళ్ళకు రాత్రి షిఫ్టు దారి తెరిచారు. పెట్టుబడులు వస్తాయని, మహిళలకు అవకాశాలు పెరుగుతాయని చెప్పారు. రావచ్చు, పెరగవచ్చు. ఆ వాదన నాకంటే తెలిసినవాళ్ళు చేస్తారు. నాది ఒక్కటే ప్రశ్న. ఆ పదో గంటలో ఒక కార్మికురాలి రెండేళ్ళ పిల్ల ఎవరి దగ్గర ఉంటుంది? బిల్లు రాస్తున్నప్పుడు ఈ మాట ఎవరైనా అడిగారా?

శిశు సంక్షేమ శాఖవారూ, మిమ్మల్ని పిలిచి అడిగారా? అడక్కపోతే మీరెందుకు ఊరుకున్నారు?

లెక్క పెద్ద కష్టమైనది కాదు. రాష్ట్రంలో 55 వేలకు పైగా అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. పొద్దున తొమ్మిదింటికి తెరుస్తారు, సాయంత్రం నాలుగింటికి మూస్తారు. ఎండలు ముదిరితే ఒంటిపూటే. మా అనకాపల్లి జిల్లా పల్లెల నుంచి అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలిలోని దుస్తుల ఫ్యాక్టరీలకు ఆడవాళ్ళను తీసుకెళ్ళే బస్సులు తెల్లవారుజామునే జంక్షన్లలో ఆగుతాయి. పది గంటల పని, పోవడానికో గంట, రావడానికో గంట. పన్నెండు. అందులో అంగన్‌వాడీ చూసుకునేది ఏడు. మిగిలిన ఐదు గంటలు ఏ శాఖవి?

వారానికి 48 గంటలే, ఆ పరిమితి మేం ముట్టుకోలేదు కదా అంటారు. నిజమే, ముట్టుకోలేదు. కానీ పసిపిల్లకు వారం లెక్క లేదు. ఇవాళ్టి ఆకలి ఇవాళే వేస్తుంది, ఇవాళ్టి జ్వరం ఇవాళే కాస్తుంది. గురువారం తల్లి రెండు గంటలు ఎక్కువ ఉండిపోయి శనివారం రెండు గంటలు ముందు వస్తే ఫ్యాక్టరీ రిజిస్టరులో కూడిక సరిపోతుంది. గురువారం దీపాలు పెట్టేవేళ గుమ్మంలో కూర్చుని ఏడ్చిన పిల్లకు శనివారం ఏం చెబితే సరిపోతుంది?

విరామం సంగతి చూడండి. ఐదు గంటలది ఆరుకు జరిగింది, కాగితం మీద గంటే తేడా. 26 వారాల ప్రసూతి సెలవు ముగించుకుని, ఆరు నెలల బిడ్డను ఇంట్లో వదిలి కుట్టు మిషను ముందు కూర్చున్న తల్లికి ఆ గంట అంటే ఏమిటో మీ ఇళ్ళలో ఆడవాళ్ళను అడగండి. రొమ్ములు గట్టిపడి సలుపుతాయి. జాకెట్టు తడుస్తుంది. సూపర్‌వైజరు మగవాడైతే చెప్పుకోలేక చున్నీ ముందుకు లాక్కుని కూర్చుంటుంది. బిడ్డకు పదిహేను నెలలు నిండేదాకా రోజుకు రెండుసార్లు పాలిచ్చే విరామం ఇవ్వాలని 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం దగ్గర్నుంచీ చట్టాలు చెబుతూనే ఉన్నాయి. బిడ్డ పది కిలోమీటర్ల అవతల ఉంటే ఆ విరామంలో ఆమె ఏం చెయ్యాలి? బాత్‌రూంలోకి వెళ్ళి పాలు పిండి పారబోసుకోవాలా?

బిడ్డ దగ్గరలోనే ఉండాలని కూడా చట్టమే చెప్పింది. 2017లో వచ్చిన సవరణ ప్రకారం 50 మంది, ఆ పైన పనిచేసే ప్రతి సంస్థకూ క్రెష్, అంటే పిల్లల్ని చూసుకునే కేంద్రం, ఉండాలి. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసుకోవచ్చు. ఈ సంగతి ఉద్యోగంలో చేరేరోజే ఆమెకు రాసి ఇవ్వాలి. దానికి చాలా ముందే, 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 48వ సెక్షన్ ఉండేది: మొదట యాభై మందికి, 1976 సవరణ తర్వాత ముప్పై మందికి మించి ఆడవాళ్ళు పనిచేసే చోట వాళ్ళ ఆరేళ్ళలోపు పిల్లలకు గాలీ వెలుతురూ ఉన్న గది, చూసుకునే మనిషి ఉండాలంది. తర్వాత చట్టాల పేర్లు మారి కోడ్‌లయ్యాయి. క్రెష్ నిబంధన మాత్రం వాటిలోనూ ఉంది. అంటే ఇది కొత్త కోరిక కాదు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏటి మాట.

కార్మిక శాఖవారు చెప్పండి. రాష్ట్రంలో ఎన్ని ఫ్యాక్టరీల్లో క్రెష్ నడుస్తోంది? నడుస్తోంది అంటే, గోడ మీద కుందేలు బొమ్మ వేసి, తలుపుకు తాళం వేసి, తనిఖీ వచ్చినప్పుడు ఊడ్చి తెరిచే గది సంగతి కాదు. లోపల పిల్లలున్న గది. ఆయా ఉన్న గది. క్రెష్ లేదని ఎన్ని సంస్థలకు నోటీసులిచ్చారు? భీమవరం, కాకినాడ వైపు రొయ్యల ప్లాంట్లలో ఐసు నీళ్ళలో చేతులు పెట్టి రొయ్యలు వొలిచే ఆడవాళ్ళను, గుంటూరు కోల్డ్ స్టోరేజీల దగ్గర మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ళను మేస్త్రి తెచ్చిన కూలీలని యజమాని చూపిస్తే, వాళ్ళు ఆ యాభై మంది లెక్కలోకి వస్తారా, రారా? మీ ఇన్‌స్పెక్టరు ఏ పుస్తకం చూసి లెక్కపెడతాడు?

పని గంటలు పెంచుకోవడానికి అనుమతి కావాలని యాజమాన్యాలు మీ దగ్గరకు వచ్చాయి. ఇచ్చిపుచ్చుకునే వేళ అది. పది గంటలు కావాలా, క్రెష్ చూపించండి అని ఒక్క వాక్యం చేరిస్తే సరిపోయేది. డెబ్బై ఏళ్ళుగా అమలు కాని నిబంధన ఏడాదిలో అమలయ్యేది. చేతిలో ఉన్న బేరాన్ని ఎందుకు వదిలేశారు?

ఇక రెండో శాఖ. మీ పథకాల్లో ఒక పెద్ద ఖాళీ ఉంది. ప్రసూతి సెలవు ఆరో నెలతో అయిపోతుంది. అంగన్‌వాడీలో ప్రీస్కూలు మూడో ఏడు నిండాక మొదలవుతుంది. మధ్యలో రెండున్నరేళ్ళు. ఆ రెండున్నరేళ్ళకు మీరిచ్చేది బాలామృతం పొట్లం. మంచి పొట్లమే, మా వీధిలో పిల్లలంతా తింటారు. కానీ దాన్ని కలిపి తినిపించే చెయ్యి ఇంట్లో ఉంటుందని మీరు ముందే అనేసుకున్నారు. ఆ చెయ్యి పొద్దున్నే బస్సెక్కి వెళ్ళిపోయింది. పుట్టిన దగ్గర్నుంచి ఆరేళ్ళలోపే మెదడు ఎదుగుదల 85 శాతానికి పైగా అయిపోతుందని 2020 జాతీయ విద్యా విధానంలో రాశారు. ఆ లెక్కన అత్యంత విలువైన ఆ నెలల్ని ప్రభుత్వం ఎవరికి అప్పగించింది?

ఎవరికో నాకు తెలుసు. మా అత్తగార్లకు, అమ్మలకు. అరవై దాటిన మోకాళ్ళకు. పరిశ్రమలకు మీరు ధారాళంగా ఇచ్చిన ఆ అదనపు గంట మీది కాదు, యజమానిదీ కాదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఒక ముసలావిడ సాయంత్రాన్ని తీసి పెట్టుబడిదారుకు ఇచ్చారు. ఆమె లేని ఇంట్లో పెద్దకూతురు ఉంటుంది. ఐదో తరగతిలోనో ఆరో తరగతిలోనో ఉండాల్సిన పిల్ల చంకలో తమ్ముణ్ణి వేసుకుని ఉంటుంది. బడి మానేసిన ఆడపిల్లల జాబితాలో ఆ పేరు కనబడినప్పుడు మళ్ళీ మీరే సర్వే చేయిస్తారు.

మా వీధి చివరి అంగన్‌వాడీకి ఒకసారి మధ్యాహ్నం మూడున్నరకు రండి, చెప్పకుండా రండి. అన్నం, పప్పు, గుడ్డు పెట్టడం అయిపోయి ఆయా పెరట్లో పళ్ళేలు తోముతూ ఉంటుంది. చాపల మీద పిల్లలు అడ్డదిడ్డంగా పడుకుని ఉంటారు. టీచరు ఒక చేత్తో ఫోనులో ఫొటోలు ఎక్కిస్తూ, ఇంకో చేత్తో నిద్రలేచిన పిల్ల ముక్కు తుడుస్తూ ఉంటుంది. ఆ పిల్లకు రెండున్నరేళ్ళు. మూడు నిండలేదు కాబట్టి ప్రీస్కూలు కింద ఉండకూడదు. ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి ఉంటోంది. అలా ఉంచుకోవడం టీచరు మంచితనం, మీ నిబంధన కాదు. ఒకరోజు ఆ పిల్లకు ఒళ్ళు కాలిపోతోంది. టీచరు తల్లికి ఫోను చేసింది, మళ్ళీ చేసింది, మోగుతూనే ఉంది. తల్లి ఫోను ఫ్యాక్టరీ గేటు దగ్గర లాకరులో ఉంది, లోపలికి తీసుకెళ్ళనివ్వరు. కంపెనీ నంబరు టీచరు దగ్గర లేదు. నాలుగు దాటాక ఆ పిల్లను తన ఇంటికి తీసుకెళ్ళి తడిగుడ్డ వేసి కూర్చుంది. తల్లికి సంగతి తెలిసింది షిఫ్టు దిగి ఫోను చేతిలోకి తీసుకున్నాకే. అందులో ఎవరి తప్పు ఉందో నేను చెప్పలేను. లాకరు రూలు పెట్టినవాళ్ళకు ఒక కారణం ఉంటుంది. ఫ్యాక్టరీ లోపల ఒక ల్యాండ్‌లైను నంబరు, ఆ నంబరు అంగన్‌వాడీ గోడ మీద రాసి ఉండటం, ఇంత చిన్న పని మాత్రం రెండు శాఖలు ఒక్క పూట కలిసి కూర్చుంటే అయిపోయేది.

ఆ టీచరు గురించి మరో మాట. 2023 డిసెంబరు 12న అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు సమ్మెకు దిగారు, 42 రోజులు చేశారు. అప్పటికి టీచరు గౌరవ వేతనం 11,500 రూపాయలు, ఆయాది 7,000. మధ్యలో వాళ్ళ మీద ఎస్మా ప్రయోగించారు. ఇది అత్యవసర సేవ, ఆపడానికి వీల్లేదన్నారు. అప్పటి ప్రభుత్వం వేరని అనకండి. శాఖ ఇదే, ఫైళ్ళూ ఇవే. సమ్మె దగ్గర అత్యవసరమైన సేవ జీతం దగ్గరికొచ్చేసరికి గౌరవ వేతనం ఎలా అయింది? సాయంత్రం నాలుగు దాటితే దాని అత్యవసరం ఎక్కడికి పోయింది?

అందుకే కేంద్రాలు రాత్రి దాకా తెరవమని అడగాలంటే నాకు భయం. అదే టీచరు నెత్తిన ఇంకో మూడు గంటలు పెట్టి, ఇంకో యాప్ ఇచ్చి, పని అయిందనిపిస్తారేమోనని. అలా చేయొద్దు. ఒక తల్లి పని గంటలు మోయడానికి ఇంకో తల్లిని ఉచితంగా నిలబెట్టడం సంక్షేమం కాదు. ఫ్యాక్టరీ బస్సులు ఆగే ఊళ్ళల్లో, పారిశ్రామిక వాడల పక్కన, రెండో షిఫ్టుకు రెండో టీచరు, రెండో ఆయా, వాళ్ళకు పూర్తి జీతం. డబ్బెక్కడిదంటారా? పదో గంట వల్ల లాభపడేది ఎవరో వాళ్ళ దగ్గర సెస్సు వసూలు చేయండి.

కేంద్రం ఇచ్చిన ‘పాల్నా’ పథకం ఉంది కదా అంటారు. మిషన్ శక్తి కింద, అంగన్‌వాడీతో కలిపి క్రెష్, ఆరు నెలల నుంచి ఆరేళ్ళ దాకా పిల్లలకు. ఖర్చులో 60 శాతం కేంద్రానిది, 40 శాతం మీది. చాలా మంచి పథకం. రోజుకు ఏడున్నర గంటలు నడుస్తుంది. మీరు పెంచిన పనిదినం పది. నేను చెప్పేది ఇదే. పథకాలు లేవని కాదు, ఒక్కో పథకం ఒక్కో చోట కూర్చుని తన గంటలు తాను రాసుకుంది. పక్కన కర్ణాటక ‘కూసిన మనె’ పేరుతో గ్రామ పంచాయతీల్లో శిశు కేంద్రాలు పెట్టింది, ఉపాధి పనికి వెళ్ళే ఆడవాళ్ళ పిల్లల కోసం. 1969లో, గాంధీగారి శతజయంతికి ఢిల్లీలో కట్టడాలు లేస్తుంటే, ఎండలో ఇటుకల మధ్య పడున్న కూలీల పిల్లల్ని చూసి మీరా మహదేవన్ అనే ఆవిడ అక్కడే గుడారం వేసి క్రెష్ పెట్టారు. మొబైల్ క్రెషెస్ అలా పుట్టింది. ఒక గుడారం, కొందరు మనుషులు. కోట్ల పెట్టుబడితో గోడలు లేపే చోట ఆ మాత్రం జాగా దొరకదా?

చదువుకున్న ఉద్యోగినుల మాట వేరని ఎవరైనా అనుకుంటే, వేరు కాదు. విశాఖలో, విజయవాడలో ప్లేస్కూళ్ళకు కొదవ లేదు. చాలావరకు పన్నెండున్నరకు గంట కొడతాయి. ఆ తర్వాత డే కేర్ అంటే ఇంకో ఫీజు, అదీ చాలాచోట్ల సాయంత్రం ఆరు దాకానే. అమెరికా వేళలకు పనిచేసే అమ్మాయి సంగతి నేను చెప్పక్కర్లేదు.

బడిలో వేసిన మొదటి వారం గురించి మాత్రం చెప్పాలి, ఎందుకంటే దాన్ని ఏ చట్టమూ పట్టించుకోలేదు. ఈ మధ్యే మా పాపను బడిలో వేసి తిరిగి పనిలో చేరాను, ఒక ప్రైవేటు సంస్థలో లెక్కలు చూస్తాను. చంటిపిల్లలకు చదువు చెప్పే ఏ టీచరును అడిగినా ఒకటే చెబుతుంది: మొదటి రోజు అరగంట చాలు, అమ్మ కిటికీలోంచి కనబడుతూ ఉండాలి. మర్నాడు గంట. ఆ మర్నాడు అమ్మ వీధి చివరి దాకా వెళ్ళి రావచ్చు. నాలుగో రోజుకో ఐదో రోజుకో, ఏడ్చినా అమ్మ వస్తుందని పిల్లకు నమ్మకం కుదురుతుంది. దీనికి కావలసింది డబ్బు కాదు, ఆఫీసు నుంచి నాలుగైదు పూటలు. అవి దొరకని తల్లి ఏం చేస్తుంది? పిల్ల బొమ్మ చూస్తున్న క్షణం చూసి వెనక నుంచి జారుకుంటుంది. తలతిప్పితే అమ్మ ఉండదు. మర్నాడు ఆ పిల్ల గుమ్మం దగ్గరే అమ్మ కొంగు పట్టుకుని వేలాడుతుంది. ‘మొండిది’ అని పేరు పెడతాం. మొండితనం ఎవరిది?

సచివాలయంలో ఈ పని గంటల ఫైలు కదిపిన ఉద్యోగినికి 180 రోజుల శిశు సంరక్షణ సెలవు ఉంది. 60 రోజులున్నదాన్ని 2022లో పెంచారు. పెంచడం న్యాయమే. మరి ఆ ఫైలు ఎవరి రోజును పది గంటలు చేసిందో, ఆమెకు ఐదు రోజులైనా ఇవ్వడం న్యాయం కాదా? ప్రైవేటు రంగంలో పిల్లను మొదటిసారి బడిలో వేసే తల్లికో తండ్రికో జీతంతో ఐదు పూటల సెలవు. తండ్రికో అని కావాలనే అన్నాను. క్రెష్‌కు రోజుకు నాలుగుసార్లు వెళ్ళే హక్కు చట్టం తల్లికే రాసింది, తండ్రి పేరు ఎత్తలేదు. 2024 టైం యూజ్ సర్వేలో ఇంటి చాకిరీకి ఆడవాళ్ళు రోజుకు 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. మీ పది గంటలు ఆ 289 నిమిషాల మీద పడ్డాయి, 88 మీద కాదు.

రాష్ట్రంలో జననాలు తగ్గిపోతున్నాయని, ఎక్కువమంది పిల్లల్ని కనమని ముఖ్యమంత్రిగారు సభ తర్వాత సభలో చెబుతున్నారు. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదన్న నిబంధనను 2024 నవంబరులో శాసనసభ తీసేసింది. తర్వాతి ఏడాది అదే సభ పనిదినాన్ని పెంచింది. కనమని చెప్పిన నోరు, పెంచే సమయాన్ని కోసిన చెయ్యి ఒకే ప్రభుత్వానివి. మొదటి పిల్లను ఎక్కడ వదలాలో తెలియని ఆడది రెండో పిల్ల గురించి ఎలా ఆలోచిస్తుంది? ఈ ప్రశ్నకు జవాబు ఉపన్యాసంలో వద్దు, జీవోలో ఇవ్వండి.

జీవోలో ఏముండాలో చాలావరకు పైన చెప్పేశాను. నడుస్తున్న క్రెష్ లేని సంస్థకు పదో గంట అనుమతి చెల్లదు. క్రెష్ షిఫ్టుతో తెరుచుకోవాలి, షిఫ్టుతో మూసుకోవాలి, రాత్రి షిఫ్టుకైనా సరే. మేస్త్రి కింద ఉన్నా, కాంట్రాక్టరు కింద ఉన్నా గేటు లోపలికి వచ్చిన ప్రతి మనిషీ యాభై లెక్కలోకి వస్తుంది. ఇవి రాయడానికి నెలలు పట్టవు. గంటలు పెంచడానికి మీకు జూన్ నుంచి సెప్టెంబరు సరిపోయింది.

ఈలోగా ఒక చిన్న పని రేపే చేయవచ్చు. ఏ ఫ్యాక్టరీలో క్రెష్ ఉంది, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా తెరిచి ఉంటుంది, ఇవాళ అందులో ఎంతమంది పిల్లలున్నారు, చివరిసారి ఎవరు ఎప్పుడు వచ్చి చూశారు, ఫోను నంబరు ఏమిటి, ఇంతే ఉన్న ఒక పట్టిక తయారు చేయించి ప్రతి జిల్లా కార్మిక శాఖ కార్యాలయం గోడకు అంటించండి. తెలుగులో అంటించండి. ఫ్యాక్టరీ బస్సులు ఆగే జంక్షన్లలో ఒక్కో కాపీ పెట్టించండి. లేని చోట ‘లేదు’ అనే రాయండి.

భవదీయురాలు,
అనకాపల్లి జిల్లా నుంచి ఒక ఉద్యోగిని